మాల తీసిన మరునాడు

(అభ్యాస వైరాగ్యములను గూర్చిన ప్రసంగము)



కొన్ని సంవత్సరముల క్రిందట, మండల దీక్షలు ముగియు దినములలో, ఒక దేవాలయ ప్రాంగణమున ప్రసంగించి వేదిక దిగితిని. ధ్వజస్తంభము చెంత ఒక ఇల్లాలు నిలిచియుండెను. జనము పలుచబడిన పిమ్మట ఆమె దగ్గరకు వచ్చి నమస్కరించి ఇట్లనెను: "గురువుగారూ, ఈ నలభై రోజులూ మా ఇంట్లో దేవుడు తిరిగినట్టే ఉందండీ. తాగుడు లేదు, తిట్టు లేదు. పిల్లలు భయం లేకుండా వాళ్ళ నాన్న పక్కన పూజలో కూర్చుంటున్నారు. రేపు శబరిమల బయలుదేరుతున్నారు. వచ్చి మాల తీస్తారు. మూడేళ్ళుగా చూస్తున్నాను, మాల తీసిన మరునాడే మళ్ళీ మొదలు. ఆ మాల తీయకుండా ఉండే దారి శాస్త్రంలో ఏదైనా ఉందా అండీ?"

మాల ఎప్పుడు వేయవలెనని అడుగువారు పెక్కుమంది కలరు. మాల తీయకుండు దారి అడిగినది ఆమె యొక్కతెయే. నాకు వెంటనే సమాధానము తోచలేదు. "ఆలోచించి చెప్తానమ్మా" అని మాత్రము అంటిని. పండితసభలలో సైతము నన్నెవ్వరును అంత కఠినమైన ప్రశ్న అడిగియుండలేదు. నేటి ప్రసంగము ఆ తల్లికి నేను బాకీపడిన సమాధానము.

దీక్షలో జరుగునదేమి?

ముందుగా ఒక సంగతి గమనింతము. ఆ గృహస్థు 41 దినములు మద్యమును ముట్టలేదు. కనుక అతడు మానలేనివాడు కాడు. "నా వల్ల కాదు" అని తక్కిన దినములందు చెప్పునది అతడే. దీక్షలో మానివైచునది అతడే. ఈ రెండింటికి నడుమ మారినదేమి?

అయ్యప్పస్వామి కృప అందుము. సత్యమే. అయితే భగవత్కృప నియమముల ద్వారముననే గృహమున ప్రవేశించును. దీక్షలోనున్న స్వామి తెల్లవారకముందే లేచును. చన్నీటి స్నానము చేయును. నల్లని వస్త్రము ధరించును. చెప్పులు వదలును. చాప మీద పరుండును. సాత్త్వికాహారము భుజించును. పూర్వము దుకాణమునకు నడచిన సంధ్యావేళయందు ఇప్పుడు పూజ, శరణుఘోష, భజన. పూర్వము కూడిన మిత్రుల స్థానమున తోటి స్వాములు, గురుస్వామి. అన్నిటికంటె విశేషమేమనగా, కన్నతల్లి సైతము అతనిని "స్వామీ" అని పిలుచును. దినమునకు నూరుసార్లు ఆ పిలుపు చెవిన బడుచుండగా, దానికి తగని పని చేయుటకు చేయి సంకోచించును.

అనగా వేళ మారినది, చోటు మారినది, సాంగత్యము మారినది, పేరు మారినది. దురభ్యాసము ప్రవేశించు నాలుగు ద్వారములును ఒక్కసారిగా మూయబడినవి. అందువలన ఆ దినములలో అతడు మనస్సుతో ఎడతెగని యుద్ధము చేయవలసిన పని లేకపోయెను.

ఇక మాల తీసిన దినమున ఏమి జరుగుచున్నది? నల్లవస్త్రము పెట్టెలో చేరును. భజన ఆగిపోవును. పాత మిత్రుడు వీధిలో పేరు పెట్టి పిలుచును. సాయంకాలము ఆరు గంటలకు చేతికి పని యుండదు, కాళ్ళకు పాత దారి తెలియును. నాలుగు ద్వారములును ఒక్క దినముననే తెరచుకొనుచున్నవి. ఆ మనుష్యుని భక్తి కపటమని లోకము నిందించును. అది అన్యాయము. అతని భక్తి నిజమైనదే. మాలతోపాటు మాలను మోసిన నియమములనన్నిటిని తీసివైచుటయే ఇచ్చట జరిగిన పొరపాటు. భవానీ దీక్ష, ఆంజనేయ దీక్ష, శివదీక్ష, ఏ దీక్షకైనను ఈ మాట వర్తించును.

ఇంగువ కట్టిన గుడ్డ

మన పెద్దలు అలవాటునకు పెట్టిన పేరు "వాసన". ఇంగువ కట్టిన గుడ్డ అని మన ఇండ్లలో సామెత కలదు. ఇంగువ అయిపోయినను గుడ్డ వాసన మానదు. చేసిన ప్రతి పనియు చిత్తముపై ఒక సంస్కారమును విడిచిపోవును. పలుమారు చేసిన పని యొక్క సంస్కారము చిక్కబడి వాసనగా మారును. అటుపిమ్మట ఆ పని చేయుటకు ఆలోచన అక్కరలేదు. వేళయు, చోటును కనబడిన చాలును, చేయి తనంతట తాను కదలును.

ఇది దోషము కాదు, ఈశ్వరుడిచ్చిన సౌకర్యము. ప్రతి ఉదయము పండ్లు తోముకొనుటకు ఒక సంకల్పము, నడచుటకు ఒక సంకల్పము చేయవలసియున్నచో మనకు జీవితము గడవదు. వీణ వాయించువాని వ్రేళ్ళు, వేదపాఠి నాలుక, ముగ్గు వేయు ఇల్లాలి చేయి ఈ శక్తితోనే పని చేయుచున్నవి. నీరు ఏ కాలువ త్రవ్విన ఆ కాలువలో ప్రవహించును. మంచి కాలువయా, చెడు కాలువయా అని నీరు విచారింపదు.

ఈ కారణముచేతనే భగవద్గీత రెండవ అధ్యాయమున భగవానుడు ఒక సూక్ష్మమును తెలిపెను. ఆహారము మానినవానికి విషయములు దూరమగును గాని, వానియందలి రుచి లోపల మిగిలియే యుండును. పరమును దర్శించినప్పుడు ఆ రుచియు తొలగునని దాని భావము. 41 దినములు వస్తువు దూరమైనది. రుచి గుడ్డలోని ఇంగువవలె నిలిచియున్నది. రుచి పోవుటకు అంతకంటె ఉన్నతమైన రుచి ఏదియో లోపల పుట్టవలెను. మానుట సగము పని మాత్రమే.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని నిరాశ చెందువారు కలరు. మద్యము, జూదము, పొగాకు, పరుషవాక్కు, ఇవి ఎవ్వరికిని పుట్టుకతో రాలేదు. నడుమ వచ్చినవి. నడుమ వచ్చినది నడుమ పోవచ్చును. వచ్చిన దారి తెలిసిన చాలును.

కలి ప్రవేశించిన దారి

వచ్చిన దారిని చూపుటకు అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానమును మించిన కథ లేదు. జూదమున రాజ్యమును కోల్పోయి వనముననున్న ధర్మరాజునకు, బృహదశ్వుడను మహర్షి చెప్పిన కథ ఇది. వ్యసనమునకు లోబడినవానికి, వ్యసనమునుండి లేచినవాని కథను చెప్పుట ఎంత దయ!

దమయంతి నలుని వరించుటచే కలికి కోపము కలిగెను. నలునిలో ప్రవేశింపవలెనని అతడు కాచుకొనియుండెను. నలుడు ధర్మజ్ఞుడు, సత్యవ్రతుడు. కలికి ఎడము దొరకలేదు. పండ్రెండవ సంవత్సరమున ఒక దినము నలుడు లఘుశంక తీర్చుకొని, కాళ్ళు కడుగుకొనక, ఆచమించి సంధ్యకు కూర్చుండెను. ఆ చిన్న సందునుండి కలి లోనికి దూరెను.

ఇంత చిన్న దోషమునకు అంత పెద్ద శిక్షయా అని కొందరు అడుగుదురు. అది శిక్ష కాదు, లోకమున జరుగు క్రమమే. వ్యసనము సింహద్వారమున భేరి మ్రోగించుకొనుచు రాదు. "ఈ ఒక్క దినమే", "ఈ ఒక్క గుక్కయే", "అలసియున్నాను గదా" అను సందులలో వచ్చును. పండ్రెండేండ్లు సాగిన క్రమము ఒక సాయంకాలము సడలెను. కాచుకొనియున్నవానికి అది చాలును.

పిమ్మట సోదరుడైన పుష్కరుడు జూదమునకు పిలిచెను. నెలలు గడచినవి. పౌరులు వాకిట నిలిచిరి, మంత్రులు వచ్చిరి, దమయంతి కన్నీటితో వేడుకొనెను. నలుడు వినలేదు. ఇంటి ఇల్లాలు ఏడ్చుచున్నను వినబడని స్థితి ఎట్టిదో మన ఊళ్ళలో పెక్కు ఇండ్లకు తెలియును. తుదకు నలుడు కట్టుబట్టతో అడవికి పోయి, నిద్రించుచున్న దమయంతిని విడిచి, ఆమె వస్త్రములో సగము చింపుకొని వెడలిపోయెను. పోవుచు మరల వచ్చెను, మరల పోయెను. వ్యసనపరుని హృదయము రెండుగా చీలియుండునని వ్యాసమహర్షికి తెలియును. ప్రేమ లేక అతడు విడువలేదు; లోపలివాడు లాగగా విడిచెను.

తాండ్రచెట్టు క్రింద లెక్క

నలుడు ఎట్లు లేచెను? కర్కోటకుని కాటుచే అతని రూపము మారెను. ఆ విషము నలుని బాధింపక, లోపలి కలిని దహించుచుండెను. బాహుకుడను పేర అయోధ్యాపతియగు ఋతుపర్ణునికి సారథియై అతడు కాలము గడపెను. ఒకనాడు విదర్భకు పోవుచుండగా, ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూచి దాని ఆకులను, కాయలను ఒక్క చూపులో లెక్కించి చెప్పెను. బాహుకుడు రథమును ఆపి, చెట్టును కొట్టి, కాయలు లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. అప్పుడు అతడు తన అశ్వవిద్యనిచ్చుటకు ఒప్పుకొని, ఋతుపర్ణునివలన అక్షహృదయమును, అనగా పాచికల రహస్యమును, గ్రహించెను. గ్రహించిన క్షణమున కలి విషమును క్రక్కుచు అతని దేహమునుండి వెలువడెను.

ఇచ్చట గమనింపదగినది కలదు. కలి ఏడ్పుతో పోలేదు, ఒట్టుతో పోలేదు. తనను పడగొట్టినదాని హృదయము తెలిసినప్పుడు పోయెను. తెలియుటకు ముందు నలుడు చేసిన పని లెక్కించుట.

నా అనుభవము ఒకటి చెప్పుదును. ఇరువది సంవత్సరములు నేను పొడుము పీల్చితిని. మూడు పుణ్యక్షేత్రములలో మూడుసార్లు ప్రమాణము చేసితిని. మూడుసార్లును ఇల్లు చేరకముందే డబ్బా తెరచితిని. ఒకనాడు నలోపాఖ్యానము చెప్పుచు, నాకే సిగ్గు కలిగి, దినమునకెన్నిసార్లు పీల్చుచున్నానో లెక్కింపవలెనని మా మనుమని నియమించితిని. నాకు గుర్తున్నవి పది. వాడు పంచాంగము అట్ట మీద గీసిన గీతలు ఇరువదిమూడు! తక్కిన పదుమూడింటికి నేను ఇంట లేనట్లే. ఆ గీతలలో ఎక్కువ మూడు వేళలయందే పడినవి: భోజనమైన వెంటనే, వ్రాతకు కూర్చుండినప్పుడు, వేదిక ఎక్కుటకు ముందు. మూడవది నాకు కనువిప్పు. నేను పొడుము కొరకు పీల్చుట లేదు. సభను చూచి భయపడి పీల్చుచున్నాను. నా పాచికల హృదయము నాకు తెలిసినది.

కనుక మానవలెనని కోరువాడు మొదటి వారము మానుటకు తొందరపడక, లెక్కించుట మంచిది. ఎన్నిసార్లు, ఏ వేళ, ఏ చోట, ఎవ్వరితో, ఏ మనోవ్యథతో? ఒక చిన్న పుస్తకము చాలును. నేడు చేతిలోని ఫోనును విడువలేని యువకులకును ఈ లెక్క పనికివచ్చును. చూడవలసినది యుండి చూచితిమా, ఊరకుండలేక చూచితిమా అను ఒక్క ప్రశ్న చేర్చుకొనిన చాలును.

ఖాళీ గూడు

లెక్కించిన పిమ్మట చేయవలసినదేమి? పతంజలి మహర్షి ప్రతిపక్షభావనను ఉపదేశించెను. చెడు తలంపు బాధించునప్పుడు దానికి ఎదురైన తలంపును నిలుపవలెనని దాని సారము. తలంపునకు చెప్పినది పనికిని చెల్లును. గూడు ఖాళీగా నుండినచో పాతపక్షి తిరిగివచ్చును. ఆ గూటిలో వేరొక పక్షిని కూర్చుండబెట్టవలెను.

నేను పొడుము డబ్బాలో లవంగములు పోసికొంటిని. అదే నడుము, అదే డబ్బా, అదే చేయి. లోపలి వస్తువు మాత్రము మారెను. వేదిక ఎక్కుటకు ముందు ఒక లవంగము నోట వేసికొని, కనులు మూసి మూడుసార్లు నామస్మరణ చేయుచుంటిని. చేయికి పని దొరకెను, భయమునకు మందు దొరకెను. ఒట్టు పెట్టుకొనినప్పుడు పోనిది, బదులు పెట్టినప్పుడు పోయెను.

మద్యమును విడిచినవానికి సాయంకాలము ఆరు గంటలు పెద్ద గోయి వంటివి. "తాగకుము" అని ఆ గోతి అంచున నిలువబెట్టినంత మాత్రమున లాభము లేదు. ఆ గంటలో అతడు ఎచ్చట నుండవలెను, ఏమి చేయవలెను, ఎవ్వరితో నుండవలెను, ఈ మూడును ముందే నిర్ణయింపబడియుండవలెను.

ఎన్ని దినములు?

ఎన్ని దినములు చేసినచో మంచి అలవాటు స్థిరపడును? పతంజలి సంఖ్య చెప్పలేదు, లక్షణములు చెప్పెను. దీర్ఘకాలము, ఎడతెగకుండ, ఆదరముతో సేవించిన అభ్యాసము దృఢమగునని ఆయన మాట. మూడింటిలో మూడవదానిని మనము మరచుచుందుము. విసుగుతో చేసిన పూజ నూరేండ్లు చేసినను అలవాటే గాని అభ్యాసము కాదు.

ఈ విషయమున ఆధునిక పరిశోధకులును శ్రమించిరి. లండన్ నగరమందలి యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిని 12 వారములు పరిశీలించి, 2009లో ఫలితములు ప్రకటించిరి. భోజనముతో ఒక పండు తినుట వంటి ఒక చిన్న పనిని, దినదినము ఒకే సందర్భమున చేయవలెనని వారి నియమము. ఆ పని తనంతట తాను జరుగు స్థితికి వచ్చుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టునని తేలినది. కొందరికి 18 దినములు చాలగా, కొందరికి 254 దినములు పట్టునని అంచనా. మరియొక విశేషము: నడుమ ఒక దినము తప్పినంత మాత్రమున జరిగిన అభ్యాసము చెడలేదు.

పండు తినుటకే ఇంత కాలము పట్టుచుండగా, పదియేండ్ల పానమును 41 దినములలో నిర్మూలింపవలెననుట ఆశ మాత్రమే. మండలము ఫలము కాదు, నారుమడి. నారు పోసి, మొలక చూచి, నాటకుండ విడుచు రైతు కలడా? మాల తీయు దినము నాట్ల దినము. ఆ దినముననే మనము పొలము విడిచి పోవుచున్నాము.

మొదటి దినములలో నియమము చేదుగానుండును. గీత పదునెనిమిదవ అధ్యాయమున సాత్త్వికసుఖము మొదట విషమువలె తోచి తుదకు అమృతమగుననియు, రాజససుఖము మొదట అమృతమువలె తోచి తుదకు విషమగుననియు భగవానుడు చెప్పెను. చేదు కలిగినప్పుడు దారి తప్పితిమని తలంపరాదు, దారిలోనే యున్నాము.

ఇంటివారి పాలు, ఊరి పాలు

ఒక్కని సంకల్పమునకే భారమంతయు వదలుట ధర్మము కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాదుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. చట్టములు వచ్చును, పోవును. కాని ఆ తల్లులు గ్రహించిన సత్యము పోలేదు: దారిలో దుకాణమును నిలిపి, దారిన పోవువానిని మాత్రమే నిందించుట తగదు.

ఇంటివారు చేయదగినది మరియొకటి కలదు. మానిన మొదటి వారమున "ఇదెన్నాళ్ళులే, చూశాంగా" అను మాట గృహమున వినబడరాదు. ఆ మాట నిజమగుటకు చాల శక్తి కలది. దీక్షలో "స్వామీ" అని పిలిచిన నోరు, దీక్ష ముగిసిన దినమున పాతపేర్లతో తిట్టరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. సంవత్సరములుగా ప్రతిదినము అధికముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో, మొదటి రెండు మూడు దినములలో చేతులు వణకుట, చెమటలు పట్టుట, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము సైతము కలుగును. ఇది దేవుని కోపము కాదు, దేహధర్మము. అట్టివారు మాల వేయుటకు ముందే వైద్యుని దర్శింపవలెను. ప్రభుత్వ వైద్యశాలలందలి మానసిక వైద్యవిభాగములలో దీనికి చికిత్స కలదు. మందు తీసికొనుట నియమభంగము కాదు. నలుని లోపలి కలిని కర్కోటకుని విషమును బాధింపవలసివచ్చెను గదా!

జారినవాడు

ఎంత జాగ్రత్తపడినను జారుట కలుగవచ్చును. జారినవాని మనస్సున కలి చెప్పు మాట ఒకటే: "ఎట్లును చెడితివి, ఇక సంపూర్ణముగా చెడుము." ఈ మాటయే మొదటి గుక్కకంటె ప్రమాదకరము. గీత రెండవ అధ్యాయము ఈ మార్గమున చేసిన ప్రయత్నము వ్యర్థము కాదనియు, స్వల్పమైన ధర్మమును మహాభయమునుండి రక్షించుననియు అభయమిచ్చుచున్నది. నలుబది దినములు నడచినవాడు ఒక దినము పడినచో, నలుబది దినముల దారి వెనుకకు పోదు. లేచినచోటినుండి నడువవలెను.

ఒక్క సందేహము. తుదకు నలుడు మరల జూదమాడి రాజ్యమును గెలిచెను గదా, మనమును రహస్యము తెలిసికొని మితముగా సేవింపవచ్చునా అని అడుగుదురేమో. మద్యమునకు బానిసయైనవానికి ఆ ఉపమానము చెల్లదు. నలుడు తిరిగి ఆడినది వ్యసనము తీర్చుకొనుటకు కాదు, పోయిన ధర్మమును నిలుపుటకు. త్రాగుడునకు లోబడినవానికి మొదటి గుక్కయే కలి దూరిన సందు.

మాల తీయు దినమున నిలుపుకొనదగినవి

దీక్షను సంపూర్ణముగా ఏడాది పొడవున నిలుపుట గృహస్థునకు సాధ్యము కాదు. దాని అంగములలో కొన్నింటిని నిలుపుకొనవచ్చును.

ఒకటి, వేళ. దీక్షలో భజన జరిగిన సంధ్యావేళను విడువరాదు. గంటసేపు వీలుకానిచో దీపము వెలిగించి పది నిమిషములు కూర్చుండిన చాలును. నియమము చిన్నదైనను వేళ మారరాదు.

రెండు, దారి. దుకాణము కనబడని దారిన ఇల్లు చేరవలెను. కూలి లేక జీతము వచ్చిన దినమున సొమ్ము ముందుగా ఇంటికి చేరు ఏర్పాటు చేసికొనవలెను.

మూడు, తోడు. కొండకు కలిసి పోయినవారిలో ఒక్కనితోనైనను ప్రతిదినము మాటలాడవలెను. మనస్సు లాగినప్పుడు మొదట పిలువవలసినది అతనిని. గురుస్వాములు ఇరుముడి కట్టించుటతో తమ బాధ్యత తీరినదని తలంపక, మాల తీసిన పిదప మూడు మాసములు తమ స్వాములను కనిపెట్టియుండినచో ఎన్ని గృహములు నిలుచునో!

నాలుగు, గుర్తు. మెడలో మాల లేనిలోటు మొదటి వారమున తెలియును. చేతికి ఒక దారము, జేబులో ఒక తులసిపూస, ఏదైనను తాకినప్పుడు తన సంకల్పము గుర్తుకు వచ్చునట్టిది ఉంచుకొనవలెను.

ఐదు, లెక్క. గడచిన దినములను పంచాంగమున గుర్తించుచు రావలెను. జారిన దినమునుకూడ దాచక గుర్తింపవలెను. దాచిన దోషమే పెరుగును.

తుదిమాట

మరుసటి సంవత్సరము అదే ప్రాంగణమునకు పోయినప్పుడు ఆ ఇల్లాలికి ఈ మాటలే చెప్పితిని. ఆమె భర్తయు వెంట నుండెను. తలవంచుకొని వినెను. సంధ్యాదీపమును, తోటిస్వామి ఒకనిని విడువనని నాతో అనెను. ఒట్టు వేయబోగా నేనే వలదంటిని. ఒట్లు అతనికి కొత్తవి కావు.

అటుపిమ్మట వారిని రెండు పర్యాయములు చూచితిని. ఏడాదిలో రెండుసార్లు జారితినని అతడే చెప్పెను. ఆ రెండుసార్లును మరునాటి సంధ్యకు దీపము వెలిగించితినని కూడ చెప్పెను. ఆ ఇల్లాలిని "మాల తీయకుండు దారి దొరికినదా తల్లీ?" అని అడిగితిని. ఆమె కొంచెము నవ్వి, "మాల తీశారండీ. సాయంత్రం దీపం మాత్రం ఇంకా పెడుతున్నారు. పిల్లలు వత్తులు చేస్తున్నారు" అనెను.

భక్తులారా! ఆ వత్తులు చేయుచున్న చిన్న చేతులను తలంచుకొనుడు. తండ్రి తనకొరకు నిలుపుకొన్న నియమము బిడ్డలకు అలవాటుగా మారుచున్నది. వారి చిత్తముపై ఇప్పుడు పడుచున్నది నూనెవత్తి వాసన, దీపపు వాసన. ఇంగువ కట్టిన గుడ్డకు వాసన ఎంత నిజమో, పచ్చకర్పూరము కట్టిన గుడ్డకును వాసన అంతే నిజము.

మనలో ప్రతివారును ఏదియో ఒక మాల వేసికొని తీసినవారమే. నేటి సంధ్యకు ఏ చిన్న దీపమును విడువకుందుమో నిర్ణయించుకొని ఇండ్లకు పోవుదుము గాక. ఆ దీపము ఆరకుండ కాచు భారము ఆ స్వామిదే.

శుభమస్తు.